కుర్చీలోంచి లేవడానికి చేతుల సాయం ఎందుకు కావాల్సి వస్తోంది?

అరవై దాటినవాళ్లు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో ఒకసారి గమనించండి. ముందు సీటు అంచుకి జరుగుతారు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీదో, తమ మోకాళ్ల మీదో ఆనిస్తారు. ఒకసారి ముందుకి ఊగి, ఆ ఊపులో లేస్తారు. లేచాక ఒక్క క్షణం నిలదొక్కుకుని అప్పుడు అడుగేస్తారు. ఏమైందని అడిగితే "మోకాళ్లు" అంటారు. మోకాలి నొప్పి నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు అసలు లోటు మోకాలికి పైన, తొడ ముందు భాగంలోని పెద్ద కండరంలో, పిరుదుల కండరాల్లో ఉంటుంది. ఒంటి బరువుని సీటు మీంచి పైకి లేపాల్సింది అవే. వాటి పనిలో కొంత చేతులు పంచుకుంటున్నాయంటే అక్కడ సత్తువ తగ్గిందన్నమాట.

వయసుతో పాటు కండ, బలం ఇలా తరిగిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. 1980ల చివర్లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పరిశోధకుడు రెండు గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరిది. సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. పేరుకి తగ్గట్టే మొదట్లో కండ ఎంత ఉంది అన్నదే చూసేవారు. 2018లో యూరప్ నిపుణుల బృందం తన నిర్వచనాన్ని సవరించి, ముందు బలం చూడండి, కండ పరిమాణం తర్వాత అంది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఇంట్లో ఉన్నవాళ్లకి చాలా పనికొస్తుంది. కండ కొలవాలంటే స్కాన్ కావాలి. బలం చూడ్డానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు.

బలమే ముందు ఎందుకంటే, అది కండ కన్నా వేగంగా పడిపోతుంది. ముప్ఫైల నుంచి పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ పోతుందని, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుందని లెక్క. బలం దానికి రెండు మూడు రెట్ల వేగంతో తగ్గొచ్చు. కారణం కండలో కన్నా నరంలో ఎక్కువ ఉంది. వెన్నుపాములోంచి వచ్చే ఒక్కో నరకణం కొన్ని వందల కండపోగుల్ని నడిపిస్తుంది. వయసుతో ఆ కణాలు కొన్ని చచ్చిపోతాయి. దిక్కులేని పోగుల్లో కొన్నింటిని పక్కనున్న నరకణం కొమ్మ వేసి తనలో కలుపుకుంటుంది, మిగతావి ఎండిపోతాయి. ముందుగా దెబ్బతినేవి వేగంగా బిగుసుకునే పోగులు. కాలు తట్టుకుని తూలినప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకి వేసి మనల్ని ఆపేవి అవే. అందుకే మామూలుగా నడిచే మనిషి కూడా తూలితే మాత్రం ఆపుకోలేక పడిపోతాడు.

పోయిన కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. కాబట్టి బరువు తూచే మిషను ఏళ్ల తరబడి అదే అంకె చూపిస్తూ ఉండొచ్చు. "నా బరువు ఇరవై ఏళ్లుగా మారలేదు" అన్న మాట ఈ విషయంలో భరోసా ఇవ్వదు. లావుగా ఉన్నవాళ్లలో ఇది మరీ ఆలస్యంగా బయటపడుతుంది. మోయాల్సిన బరువు ఎక్కువ, మోసే కండ తక్కువ.

ముందు కొలవండి

సీటు 43 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున్న, గట్టి సీటు కుర్చీ తీసుకుని వెనక భాగం గోడకి ఆనించండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకోండి. "మొదలు" అనగానే నిటారుగా పూర్తిగా లేచి, మళ్లీ కూర్చోవాలి. అలా ఐదుసార్లు. ఐదోసారి నిటారుగా నిలబడగానే గడియారం ఆపాలి. 2019లో ఆసియా నిపుణుల బృందం పెట్టిన హద్దు 12 సెకన్లు. అంతకన్నా ఎక్కువ పడితే జాగ్రత్తపడాలి. యూరప్ వాళ్లది 15 సెకన్లు.

ఈ పరీక్ష తేలికే కానీ తప్పుగా చేయడం ఇంకా తేలిక. సోఫాలోంచి చేస్తే లెక్కకి రాదు. సీటు మెత్తగా కుంగినా, ఎత్తు తేడా ఉన్నా అంకె మారిపోతుంది. చాలామంది మోకాళ్లు పూర్తిగా చాపకుండా సగంలోనే మళ్లీ కూర్చుంటారు, టైము బాగా వచ్చిందనుకుంటారు. ఇంకొందరు ధబ్బున సీటు మీద పడి, ఆ ఊపులో ఎగిరి లేస్తారు. మొదటిసారి చేసినప్పుడు కంగారు వల్ల ఆలస్యమవుతుంది కాబట్టి రెండుసార్లు లేచి కూర్చుని అలవాటు చేసుకుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు అసలుది చేయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే అదే ఫలితం, ఇంక టైముతో పని లేదు.

నడక వేగం కూడా చూసుకోవచ్చు. నేల మీద 4 మీటర్లు గుర్తుపెట్టి, దానికి ఒక మీటరు ముందు నుంచే మామూలు నడకతో బయల్దేరి, ఒక మీటరు దాటాక ఆగాలి. మధ్యలోని 4 మీటర్లకి 4 సెకన్లు పడితే సెకనుకి ఒక మీటరు. ఆసియా హద్దు అదే, అంతకన్నా నెమ్మది అయితే లోటు. ఇక పిక్క చుట్టుకొలత: కూర్చుని, అన్నిటికన్నా లావుగా ఉన్న చోట టేపు చుట్టండి. మగవాళ్లకి 34, ఆడవాళ్లకి 33 సెంటీమీటర్ల లోపు ఉంటే అనుమానించాలి. కాళ్లకి నీరు పట్టినవాళ్లలో ఈ కొలత మోసం చేస్తుంది. చేతిపట్టు కొలిచే పరికరం ఆసుపత్రిలోనో ఫిజియోథెరపీ గదిలోనో ఉంటే మగవాళ్లకి 28, ఆడవాళ్లకి 18 కిలోలు ఆసియా హద్దులు. ఇంట్లో వాడే, కాళ్లు పెడితే కండ శాతం చూపించే తూకాలని మాత్రం పెద్దగా పట్టించుకోకండి. ఒంట్లో నీరు కాస్త అటూ ఇటూ అయినా అవి కండ పెరిగిందనో పోయిందనో చెప్పేస్తాయి.

నడక మంచిదే, ఈ పనికి చాలదు

ఇక్కడ చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. రోజూ గంట నడిచినంత మాత్రాన తొడ బలం పెరగదు. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మంచిది. కానీ కండరం తన బలంలో చిన్న వాటా మాత్రమే వాడే పని అది. మెదడు ఎప్పుడూ ముందుగా నెమ్మది పోగుల్ని పిలుస్తుంది. పని బరువెక్కినప్పుడే వేగపు పోగుల్ని రంగంలోకి దించుతుంది. నడకలో ఆ అవసరమే రాదు. అర కిలో డంబెల్ పట్టుకుని నలభైసార్లు తేలిగ్గా ఊపడం కూడా అంతే. పెద్దవాళ్లకి ఇచ్చే వ్యాయామాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే: మరీ తేలికైనవి ఇచ్చి, నెలల తరబడి మార్చకుండా వదిలేయడం.

ఎంత కష్టం ఉండాలి? ఒక విడతలో పదిసార్లు చేశాక, ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించాలి. ఇంకో పదిహేను చేయగలననిపిస్తే అది కండకి కబురు కాదు, కాలక్షేపం. అసలు ఇంకొక్కటి కూడా చేయలేనంతగా అలసిపోవడమూ అక్కర్లేదు, పెద్దవయసులో అక్కడే దెబ్బలు తగులుతాయి.

"ఈ వయసులో బరువులా?" అన్న ప్రశ్నకి జవాబు 1990లోనే వచ్చింది. బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ల వయసువాళ్లు పదిమందితో మరియా ఫియాటరోన్ బృందం 8 వారాలు గట్టిగా బరువులు ఎత్తించింది. తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో వందమందితో, 10 వారాలు మళ్లీ చేశారు. అందులో కొందరికి వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే ఇచ్చారు. దాని వల్ల బలహీనత తగ్గలేదు. డబ్బా పొడి ఒక్కటే కలుపుకు తాగితే సరిపోతుందనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఫలితం ఇది. కూర్చుని తింటే కొండలే కాదు, కండలూ కరుగుతాయి.

కుర్చీనే వ్యాయామశాలగా చేసుకోవడం

వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. పరీక్షకి వాడిన కుర్చీనే ఇక్కడా వాడండి.

పాదాలు భుజాల వెడల్పులో, మడమలు మోకాళ్లకి కాస్త వెనక్కి ఉండాలి. పాదాలు ముందుకి ఉంటే ఎంత బలమున్నా లేవడం కష్టం. తర్వాత తుంటి దగ్గర వంగుతూ, ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చేదాకా ఒంటిని ముందుకి తేవాలి. పడిపోతామన్న భయంతో నిటారుగా కూర్చునే లేవాలని చూస్తారు చాలామంది. అప్పుడు బరువంతా వెనకే ఉండిపోయి కూలబడతారు. లేచేటప్పుడు ఊపిరి వదలండి. బిగబట్టి లేస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. మోకాళ్లు లోపలికి ఒరిగిపోకుండా కాలి రెండో వేలి దిశలోనే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం కూర్చోవడం. మూడు నాలుగు సెకన్లు లెక్కపెడుతూ దిగాలి. చివరి ఒక జానెడు ధబ్బున వదిలేయడమే మామూలుగా అందరూ చేసేది, పని జరిగేది మాత్రం సరిగ్గా ఆ జానెడులోనే.

మొదట్లో లేవలేకపోతే సీటు మీద మడతపెట్టిన దుప్పట్లు వేసి 10 సెంటీమీటర్లు ఎత్తు పెంచండి. దుప్పట్లు జారకుండా ఉండాలి, మెత్తని దిండ్లు పనికిరావు. అప్పటికీ కష్టమైతే ముందు చేతులు వాడుతూ మొదలుపెట్టండి. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఒక విడత. మొదటి వారం ఒక విడతే చాలు, మూడో వారానికి మెల్లగా మూడు విడతలకి చేరొచ్చు. విడతల మధ్య రెండు నిమిషాలు కూర్చోండి.

పన్నెండేసి చొప్పున మూడు విడతలు, వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో సుఖంగా చేయగలిగితే పై మెట్టుకి వెళ్లాలి. ఒక దుప్పటి తీసేయాలి. తర్వాత చేతులు ఛాతీ మీదకి. తర్వాత దిగేటప్పుడు సీటు తగలకముందే ఒక సెకను ఆగడం. తర్వాత ఒక సంచీలో 2 కిలోల బరువు పెట్టి గుండెలకి హత్తుకుని లేవడం, ఆపైన 4, 6 కిలోలు. చివరికి ఒక పాదం కాస్త ముందుకి పెట్టి, బరువంతా వెనక కాలి మీదే వేసి లేవడం. ఒకే మెట్టు మీద మూడు నెలలు ఉండిపోతే కండకి పెరగాల్సిన పనే ఉండదు.

నెల, నెలన్నర గడిచాక ఇంకో మార్పు. దిగడం నెమ్మదిగానే, లేవడం మాత్రం వీలైనంత చురుగ్గా. వేగపు పోగులకి పని చెప్పేది ఇదే. దీన్ని మొదటి రోజే చేయకండి, కీళ్లు ఇంకా అలవాటుపడి ఉండవు.

మిగతా ఒంటికి ఎక్కువ తతంగం అక్కర్లేదు. గోడకి చేతులు ఆనించి దండీలు, 10 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు ఎక్కి దిగడం, గట్టి రబ్బరు బ్యాండుని దేనికైనా కట్టి పొట్ట వైపు లాగడం, ఏదైనా పట్టుకుని మడమలు లేపడం, చెరో చేత్తో బరువు సంచీ పట్టుకుని నడవడం. వీటికీ అదే లెక్క, చివర్లో రెండు మూడే మిగలాలి. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులు నిలకడ కోసం కూడా సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గట్టి బల్ల పక్కన నిలబడి ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్లు తగిలేలా పెట్టి, అర నిమిషం ఉండగలరేమో చూడండి.

మొదటి వారం తొడలు పట్టేస్తాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గేది మామూలు కండనొప్పి. కీలు లోపల గుచ్చినట్టుండి, మర్నాటికి వాపు కనిపిస్తే అది వేరు. అప్పుడు మానేయకుండా సీటు ఎత్తు పెంచి, వంగే లోతు తగ్గించండి. పదికి మూడు లోపు నొప్పి, మర్నాడు పొద్దుటికి సర్దుకుంటే పర్వాలేదు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆపి డాక్టర్ని కలవాలి. రక్తపోటు 180/110 దగ్గర ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండె లేదా కంటి ఆపరేషన్ అయినవాళ్లు, డయాబెటిస్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు ముందు అనుమతి తీసుకునే మొదలుపెట్టాలి.

మొదటి నాలుగైదు వారాల్లో లేవడం తేలికవుతుంది గానీ తొడ లావు మారదు. అప్పుడు మెరుగుపడేది నరం. కండ పెరుగుదల టేపుకి అందాలంటే రెండు మూడు నెలలు కావాలి. చాలామంది నెలన్నర దగ్గర "ఏమీ కనిపించడం లేదు" అని ఆపేస్తారు. కనిపించేదాని కోసం చూడకండి, ఆరు వారాలకోసారి అదే కుర్చీ, అవే చెప్పులతో ఐదుసార్ల టైము చూసుకోండి.

ప్రొటీన్ లెక్క ఎక్కడ తప్పుతుంది

పెద్దలకి మామూలుగా చెప్పే లెక్క కిలో ఒంటి బరువుకి 0.8 గ్రాములు. అరవై అయిదు దాటినవాళ్లకి ఇది చాలదని, 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో నిపుణుల బృందం సూచించింది. జబ్బుపడి ఉంటే 1.2 నుంచి 1.5. అరవై కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 72 గ్రాములన్నమాట.

రోజు మొత్తం ఎంత అన్నదానితో పాటు, ఒక్కో పూట ఎంత అన్నదీ చూసుకోవాలి. ముదిరిన కండ కాస్త చెవుడు తెచ్చుకున్నట్టు ఉంటుంది. పది గ్రాముల ప్రొటీన్‌కి కుర్రవాళ్ల కండ స్పందిస్తుంది, పెద్దవాళ్ల కండకి ఆ పిలుపు వినిపించదు. కిలోకి సుమారు 0.4 గ్రాములు, అంటే ఒక పూటకి 25 గ్రాముల దాకా ఉంటేనే కదులుతుంది. పొద్దున టీ, బిస్కెట్లో బ్రెడ్డో తిని, మధ్యాహ్నం కొంచెం, రాత్రికి ఎక్కువ తినే అలవాటులో రోజులో ఒక్క పూటే ఆ గీత దాటుతుంది. ముందు సరిచేయాల్సింది పొద్దుటి పూట.

ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. పావు లీటరు పాలల్లో 8. వండిన చికెన్ 100 గ్రాముల్లో 27 దాకా, చేపలో 20 నుంచి 25. పిడికెడు వేరుశనగలో, అంటే 30 గ్రాముల్లో, 7. పప్పుల దగ్గరే అందరూ పొరబడతారు. ఎండు పప్పు 100 గ్రాముల్లో 22, 24 అని చదివి, గిన్నెలో ఉన్న వండిన పప్పుకి ఆ అంకె వేసేసుకుంటారు. ఉడికాక అందులో మూడింట రెండొంతులు నీళ్లే. 100 గ్రాముల ఉడికిన పప్పులో ఉండేది 8 లేదా 9 గ్రాములు, పల్చగా చేస్తే ఇంకా తక్కువ. మాంసం తినని వాళ్లు పప్పుకి పాలో, పెరుగో, సోయానో జోడించకుండా పూటకి 25 చేరడం కష్టం. పళ్లు సరిగా లేక మెత్తనివే తినేవాళ్లు తమకి తెలియకుండానే ప్రొటీన్ మానేసి ఉంటారు. వాళ్లకి పంటి డాక్టరే మొదటి వైద్యుడు.

కిడ్నీ బాగా దెబ్బతిని, డయాలసిస్ దాకా రాని వాళ్లు డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. ఇక్కడొక మెలిక ఉంది. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ తయారయ్యేది కండలోంచే. కండ తక్కువైన మనిషిలో కిడ్నీ కాస్త దెబ్బతిన్నా ఆ అంకె మామూలుగానే కనిపించొచ్చు. అనుమానముంటే సిస్టాటిన్ సి అనే పరీక్ష అడగొచ్చు. దీనికి తలకిందులుగా, వ్యాయామంతో పాటు రోజుకి 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ (బలం కోసం తీసుకునే పొడి) వాడేవాళ్లలో కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. రక్తపరీక్ష చూసే డాక్టర్‌కి వాడుతున్న సంగతి ముందే చెప్పండి. విటమిన్ డి తక్కువుంటే సరిచేసుకోవాలి, అంతే. ఒకేసారి భారీ మోతాదు మింగితే మేలు జరగదు. ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధనలో వృద్ధ మహిళలు పడిపోవడం తగ్గలేదు సరికదా, పెరిగింది.

బరువు తగ్గాలనుకునే పెద్దవాళ్లకి ఒక హెచ్చరిక. కడుపు మాడ్చి తగ్గితే పోయే ప్రతి నాలుగు కిలోల్లో సుమారు ఒక కిలో కొవ్వు కానిదే, అందులో కండ పెద్ద వాటా. మళ్లీ బరువు పెరిగినప్పుడు తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వు. బలం పెంచే వ్యాయామం, ప్రొటీన్ లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు. ఇక ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో ఒంటి బరువులో ఐదు శాతం పోయినా, బలహీనత ఒక పక్కకే ఉన్నా, వారాల్లోనే ముదిరినా దాన్ని వయసు ఖాతాలో వేయకండి. థైరాయిడ్, షుగర్, క్యాన్సర్, నరాల జబ్బులు, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలు అన్నీ ఇదే ముసుగులో వస్తాయి.

పడక మీద పది రోజులు

కండ అన్నిటికన్నా వేగంగా పోయేది మంచం మీద. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే పది రోజులు పడుకోబెట్టి కొలిస్తే ఒక్క కాళ్లలోంచే సుమారు కిలో కండ పోయింది. జ్వరమో, ఆపరేషనో తోడైతే ఇంకా ఎక్కువ. "విశ్రాంతి తీసుకోండి" అన్న మాటని ఇంట్లోవాళ్లు మరీ భక్తిగా పాటించి, మంచినీళ్లు కూడా మంచం దగ్గరకే తెచ్చిపెడుతుంటారు. ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే "ఎంతవరకు లేవొచ్చు, కాలి మీద బరువు వేయొచ్చా?" అని అడిగి రాసుకోండి. లేవొచ్చంటే భోజనం కుర్చీలోనే, మంచంలో కాదు. లేవకూడదంటే, డాక్టర్ వద్దనకపోతే, పడుకునే తొడ బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలడం, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి మడమ పైకి లేపడం, పాదాలు ముందుకీ వెనక్కీ ఆడించడం, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పదేసి చొప్పున. ఇంటికొచ్చాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టకూడదు. దుప్పట్లు మళ్లీ కుర్చీ మీదకి రావాలి, మొదటి వారం ఒక్క విడతే, పక్కన మనిషి ఉండగా. మునుపటి బలం తిరిగి రావడానికి పడక మీద ఉన్న రోజులకి మూడు నాలుగు రెట్లు పట్టినా కంగారు పడక్కర్లేదు.